‘ఇవి ఏ కంపెనీకీ వెళ్లవు కదమ్మా?’

ప్రశ్న

పేరు రాయవద్దని కోరుతూ ఒక పరిశోధక విద్యార్థిని పంపిన ఉత్తరం ఇది. పెద్ద ఉత్తరం. ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమె ఒక విశ్వవిద్యాలయంలో మెదడు ఎమ్మారై స్కాన్ల మీద పీహెచ్‌డీ చేస్తున్నారు. ఇది నాలుగో ఏడు. మతిమరుపు అప్పుడప్పుడే మొదలైన పెద్దవాళ్లలో జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్ అనే భాగం ఎంత కుంచించుకుపోయిందో కొలిచి, వాళ్లలో ఎవరికి ముందు ముందు డిమెన్షియా వస్తుందో చెప్పగలమా అన్నది అంశం. మొదటి రెండేళ్లు ప్రభుత్వ నిధులతో పని నడిచింది. అవి అయిపోయాక ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ముందుకొచ్చింది. స్కాన్ ఇస్తే దానంతటదే కొలతలు తీసి ‘ముప్పు ఎక్కువ’, ‘ముప్పు తక్కువ’ అని చెప్పే ప్రోగ్రాం వాళ్లది. ఇప్పుడు ఆమె ఫెలోషిప్, ల్యాబ్‌లో మరో ముగ్గురి జీతాలు, స్కానర్ వాడుకున్నందుకు కట్టే రుసుము అన్నీ ఆ ఒప్పందం మీదే నడుస్తున్నాయి.

సొంత ల్యాబ్ స్కానర్‌తో తీసిన స్కాన్ల మీద ఆ ప్రోగ్రాం బాగానే పనిచేసింది. మరో విశ్వవిద్యాలయంలో, వేరే తయారీదారు స్కానర్‌తో తీసినవి ఇస్తే తడబడింది. మనిషి వయసు, ఒక మామూలు జ్ఞాపకశక్తి పరీక్షలో వచ్చిన మార్కులు చూసి చెప్పగలిగిన దానికంటే ఎక్కువేమీ చెప్పలేకపోయింది. ఆమె అదే పేపర్‌గా రాసి గైడ్‌కి ఇచ్చారు. ఆయన ఒప్పందం ప్రకారం కంపెనీ పరిశీలనకు పంపారు. 60 రోజులన్నది 7 నెలలైంది. చివరికి వచ్చిన జవాబు: ‘వాటిలో 31 స్కాన్లు నాణ్యత లేనివి, తీసేసి మళ్లీ లెక్కించండి.’ తీసేసి లెక్కిస్తే ప్రోగ్రాం మళ్లీ మెరిసింది. ‘నాణ్యత లేని స్కాన్లు అందరూ తీసేస్తారు కదా, ఇందులో అన్యాయం ఏముంది’ అన్నారు గైడ్. ఆయన మంచి మనిషనీ, తనను ఏనాడూ తక్కువ చేసి చూడలేదనీ ఆమె రెండుసార్లు రాశారు.

అంతటితో ఆగలేదు. మొదటి రెండేళ్లలో తీసిన స్కాన్లన్నీ ప్రోగ్రాం కొత్త రూపానికి శిక్షణ ఇవ్వడానికి కావాలని కంపెనీ అడిగింది. అప్పటి సమ్మతి పత్రంలో ‘విశ్వవిద్యాలయ పరిశోధనకు మాత్రమే’ అని ఉంది. పేర్లు తీసేస్తాం కాబట్టి ఫరవాలేదని గైడ్ అభిప్రాయం. ఆ పత్రాలు వలంటీర్లకు చదివి వినిపించి సంతకాలు తీసుకున్నది ఈమే. ఆమె మాటల్లోనే: ‘ఒక పెద్దాయన సంతకం పెట్టే ముందు కళ్లద్దాలు తీసి, ఇవి ఏ కంపెనీకీ వెళ్లవు కదమ్మా అని అడిగారు. వెళ్లవండీ అన్నాను. ఆ రోజు అది నిజమే.’

మూడో సంగతి ఉత్తరం చివర్లో చిన్నగా రాశారు. థీసిస్ అయ్యాక తమ దగ్గర చేరమని కంపెనీ ఆమెను అడిగింది. ఈ మాట ఆమె ఇంకా ఎవరికీ చెప్పలేదు.

‘అసలు కంపెనీ డబ్బు తీసుకోవడమే తప్పా? లేక నేనే గోరంతను కొండంత చేస్తున్నానా? ఊరుకుంటే థీసిస్ పూర్తవుతుంది. నోరు విప్పితే నలుగురి జీతాలు పోతాయి. ఆ పెద్దాయనకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పేయమంటారా?’ అని అడుగుతున్నారు.

సమాధానం

మీరు గోరంతను కొండంత చేయడం లేదు. ముందు ఆ మాట చెప్పేస్తే మిగతాది స్థిమితంగా మాట్లాడుకోవచ్చు.

మీ ఉత్తరంలో మూడు వేర్వేరు దారాలు ఒకదానితో ఒకటి చిక్కుపడిపోయాయి. పేపర్ ఒకటి, పాత స్కాన్లు ఒకటి, ఉద్యోగం ఒకటి. మూడింటికీ కలిపి ‘ఊరుకోవాలా, నోరు విప్పాలా’ అని ఒకే ప్రశ్న వేసుకుంటున్నారు. విడదీసి చూస్తే రెండింట్లో సర్దుబాటుకు చాలా చోటుంది. ఒకదాంట్లో లేదు. ఏది ఏదో తేలితే భయం సగం తగ్గుతుందని నా నమ్మకం.

కంపెనీ డబ్బు ముట్టుకున్నందుకే మీలో ఏదో అపరాధ భావం కనిపిస్తోంది. దాన్ని వదిలేయండి. పుర్రె తెరవకుండా మెదడును చూసే ఈ విద్యను విశ్వవిద్యాలయాలూ పరిశ్రమా కలిసే పెంచాయి. 1971లో మొదటిసారి ఒక రోగి మెదడుకు సీటీ స్కాన్ తీసిన యంత్రం గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ చేసింది. ఆయన ఈఎంఐ కంపెనీలో ఇంజనీరు. 1979లో నోబెల్ బహుమతిని ఆయనతో పంచుకున్న అలన్ కార్మాక్ విశ్వవిద్యాలయం మనిషి. రక్తంలో ఆక్సిజన్ మార్పుల ఆధారంగా మెదడు పనితీరును ఎమ్మారైలో చూడొచ్చని 1990లో చూపిన సెయిజీ ఒగావా అప్పుడు బెల్ ల్యాబ్స్ అనే కంపెనీ పరిశోధనశాలలో ఉన్నారు. రెండేళ్లు తిరగకుండానే మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్లతో కలిసి అదే మనుషుల్లోనూ చూపారు. మీ రంగానికి ఇంకా దగ్గరి ఉదాహరణ, పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో విలియం క్లంక్, చెస్టర్ మాథిస్ చేసిన పదార్థం. అల్జీమర్స్ రోగి బతికుండగానే అతని మెదడులో పేరుకున్న అమిలాయిడ్ అనే ప్రొటీన్‌ను పెట్ స్కాన్‌లో చూపిస్తుందది. ఆ ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. కానీ అందులో వాడిన రేడియోధార్మిక కార్బన్-11 అర్ధ జీవితకాలం, అంటే అది సగానికి తగ్గిపోయే సమయం, 20 నిమిషాలే. దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ అనే పెద్ద యంత్రం పక్కనే ఉంటే తప్ప ఆసుపత్రికి పనికిరాదు. విశ్వవిద్యాలయం నుంచి హక్కులు తీసుకున్న కంపెనీ, 110 నిమిషాల అర్ధ జీవితకాలమున్న ఫ్లోరిన్-18తో అలాంటిదే మరో రూపం తెచ్చింది. దానికి 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది. కంపెనీ చేయి పడకపోతే అది సైక్లోట్రాన్ ఉన్న కొద్ది పరిశోధన కేంద్రాలు దాటి బయటికొచ్చేది కాదు.

అదే 2004లో అమెరికాలో ఏడీఎన్ఐ అనే పెద్ద అల్జీమర్స్ మెదడు స్కాన్ల అధ్యయనం మొదలైంది. మీకు తెలిసే ఉంటుంది, ఆ స్కాన్లు వాడని వాళ్లు మీ రంగంలో అరుదు. ప్రభుత్వ డబ్బు, కంపెనీల డబ్బు కలిపి నడిపారు. స్కాన్లను మాత్రం డబ్బు పెట్టిన వాళ్లకు ముందు, మిగతావాళ్లకు వెనక అన్న తేడా లేకుండా పరిశోధకులందరికీ ఇచ్చారు. వేర్వేరు తయారీదారుల స్కానర్లతో తీసిన కొలతలు ఒకదానితో ఒకటి పోల్చదగ్గట్టు ఉండే పద్ధతులు కుదర్చడం దాని తొలి పనుల్లో ఒకటి. ఇప్పుడు మిమ్మల్ని నిద్రపోనివ్వని సమస్య కూడా అదే.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, డబ్బు ఎవరిదన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతే అసలు ప్రశ్న తప్పిపోతుంది. డబ్బిచ్చిన వాళ్లకు నచ్చని ఫలితం వచ్చిన రోజున కలం ఎవరి చేతిలో ఉంది? స్కానర్‌లో పడుకున్న మనిషికి ఇచ్చిన మాటను ఎవరు కాపాడుతున్నారు? ఈ రెండూ ముందే తేల్చుకున్న చోట కంపెనీ డబ్బు వల్ల మేలే జరిగింది. మీ ల్యాబ్‌లో ఆ రెండూ తేల్చుకోలేదు. లోపం అక్కడుంది.

ఇక పేపర్. ఆ 31 స్కాన్ల విషయంలో కంపెనీ చెప్పింది పూర్తిగా తప్పని నేను అనను. స్కాన్ తీస్తుండగా తల కదిలితే మెదడులోని బూడిద పదార్థం ఉన్నదానికంటే పలచగా, తక్కువగా కనిపిస్తుందని 2015లోనే కొలిచి చూపారు. కాబట్టి కదిలిన స్కాన్ అబద్ధం చెప్పగలదు. అయితే ఎక్కువగా కదిలేది ఎవరు? వయసు మీదపడ్డవాళ్లు, తికమక పడేవాళ్లు, ‘కదలకండి’ అని చెప్పిన సంగతి పది నిమిషాల్లో మరిచిపోయేవాళ్లు. అంటే ఈ ప్రోగ్రాం ఎవరి కోసం తయారైందో సరిగ్గా వాళ్లే. వాళ్లను పక్కనపెట్టి ‘మా ప్రోగ్రాం పనిచేస్తోంది’ అంటే, నిమ్మళంగా పడుకోగల ఆరోగ్యవంతుల దగ్గర పనిచేస్తోందని అర్థం. రేపు ఆసుపత్రిలో వాడినప్పుడు కదిలే రోగులే వస్తారు. అప్పుడది ఒకరికి లేని ముప్పు ఉందంటుంది, ఇంకొకరికి ఉన్న ముప్పు లేదంటుంది.

అందుకే గైడ్ గారిని నేను ఒక్కటే అడుగుతాను, మీరూ అడగండి. నాణ్యత లేదని 31 స్కాన్లు తీసేసిన కొలబద్ద ఫలితం చూడకముందే రాసి ఉందా? మీ సొంత స్కానర్‌తో తీసిన వాటికీ అదే వర్తింపజేశారా? ప్రోగ్రాం తప్పిన చోట మాత్రమే నాణ్యత వెతికి, గెలిచిన చోట వెతక్కపోతే దాన్ని శుద్ధి చేయడం అనలేం. మీ ఉత్తరంలో దీని ప్రస్తావన లేదు. బహుశా ఎవరికీ తట్టి ఉండదు.

ఇందులో మోసం ఉండాల్సిన పని కూడా లేదు. 2020లో ఒక అధ్యయనం అచ్చయింది. ఒకే మెదడు స్కాన్లను 70 బృందాలకు ఇచ్చి, ముందే రాసిన 9 ప్రతిపాదనలు నిజమో కాదో చెప్పమన్నారు. ఏ రెండు బృందాలూ ఒకే దారిలో లెక్కించలేదు. చాలా ప్రతిపాదనల మీద జవాబులు వేర్వేరుగా వచ్చాయి. ఆ బృందాలకు జీతమిచ్చి ఇలా రావాలని అడిగిన వాళ్లెవరూ లేరు. లెక్కలో ఇన్ని మలుపులుంటే, ప్రతి మలుపు దగ్గరా ఒక చెయ్యి మెల్లగా ఒకవైపే తోస్తూ ఉంటే, ఎవరూ అబద్ధమాడకుండానే అబద్ధం తయారవుతుంది. మీ గైడ్ మంచి మనిషే అయి ఉండి ఇది జరగడంలో నాకు వింతేమీ కనిపించదు.

ఇక్కడ మీ ముందు దారులు నాలుగున్నాయి.

నేనైతే మొదట ఎంచుకునేది ఇది. ఎవరికి డిమెన్షియా వచ్చిందో, ప్రోగ్రాం ఏమందో తెలియని ఇద్దరి చేత రెండు చోట్ల స్కాన్లకూ కొత్తగా నాణ్యత మార్కులు వేయించడం. ఆ మార్కుల ప్రకారం తీసేసి ఒక లెక్క, ఏదీ తీసేయకుండా ఒక లెక్క, రెండూ పేపర్‌లో పక్కపక్కన పెట్టడం. ‘ఫలానా స్థాయికి మించి కదిలిన స్కాన్ల మీద దీన్ని నమ్మకూడదు’ అన్న వాక్యం కంపెనీకి నష్టం కాదనీ, ఆసుపత్రిలో గొడవ రాకముందే దొరికిన హెచ్చరిక అనీ వాళ్లకు చెప్పొచ్చు. వాళ్ల ఇంజనీర్లకు ఇది సులువుగానే ఎక్కుతుంది, అమ్మకాల వాళ్లకే కష్టం. దీనికి రెండు మూడు నెలలు అదనంగా పడతాయి. అయినా ఒప్పుకోకపోవచ్చు.

రెండోది, కంపెనీ అడిగిన లెక్కనే ముందు పెట్టి, ఎన్ని స్కాన్లు తీశారు, ఎవరు తీయమన్నారు, ఫలితం చూశాక తీశారా చూడకముందా అన్నది పేపర్‌లో దాచకుండా రాయడం. ఇది మొదటిదానంత మంచిది కాదు, కానీ చదివేవాడికి నిజం అందుతుంది. పేపర్‌ను పరిశీలించేవాళ్లు ఎలాగూ రెండో లెక్క అడుగుతారు.

మూడోది, మీ పేరు తీసేయమనడం. గౌరవంగానే ఉంటుంది. కానీ నాలుగేళ్ల పనిలో మీకు ముఖ్యమైన అధ్యాయం పోతుంది, ఆ పేపర్ మాత్రం అలాగే అచ్చవుతుంది. మిగతా దారులు మూసుకుపోతేనే ఇది.

నాలుగోది ఊరుకోవడం. దీని పర్యవసానం కూడా సూటిగా చెప్పాలి. థీసిస్ పూర్తవుతుంది. కొన్నాళ్లకు మరెవరో మరో స్కానర్‌తో ఇదే ప్రోగ్రాంను పరీక్షిస్తారు, అదే తడబాటు చూస్తారు. అప్పటికి పేపర్ మీద మొదటి పేరు మీది.

ఈ నాలుగిట్లో ఏది వీలవుతుందో ఒప్పందం చదివితే గానీ తెలియదు. మీరు దాన్ని చూడలేదని రాశారు. విద్యార్థుల్లో చాలామంది చూడరు, చూపించమని అడగొచ్చని కూడా వాళ్లకు తోచదు. అడగండి. గైడ్ దగ్గర లేకపోతే విశ్వవిద్యాలయంలో పరిశోధన ఒప్పందాలు చూసే విభాగంలో ఉంటుంది. అందులో ఒక్క వాక్యం కోసం వెతకండి. కంపెనీ ఇన్ని రోజుల్లోపు ‘పరిశీలించి అభిప్రాయం చెప్పవచ్చు’ అని ఉందా, ‘రాతపూర్వక అనుమతి లేకుండా ప్రచురించరాదు’ అని ఉందా? ఈ రెండింటికీ నేలకూ నింగికీ ఉన్నంత తేడా ఉంది. మొదటిదైతే 60 రోజుల గడువు ఎప్పుడో దాటిపోయింది. మిమ్మల్ని ఆపుతున్నది మొహమాటం తప్ప మరేదీ కాకపోవచ్చు. పేటెంట్ కోసం ఇంకొన్నాళ్లు ఆగమనే షరతు విడిగా ఉంటుంది. మీ పేపర్‌లో పేటెంట్‌కి ఎక్కే కొత్త ఆవిష్కరణ ఏదీ ఉన్నట్టు లేదు కనుక అది మీకు అడ్డు రాకూడదు.

రెండో రకం వాక్యం ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. మెదడు స్కాన్లతో సంబంధం లేదు గానీ కథ మీదే. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బెట్టీ డాంగ్ అనే పరిశోధకురాలు 1987లో ఒక కంపెనీతో ఒప్పందం మీద సంతకం చేశారు. వాళ్ల థైరాయిడ్ మందు, దానికంటే చవకైన మందులు సమానంగా పనిచేస్తాయా అన్నది పరీక్ష. సమానమేనని తేలింది. పత్రిక పేపర్‌ను అంగీకరించింది. 1995 జనవరిలో, అచ్చుకు వెళ్లే ముందు, ఆమె వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా ప్రచురించరాదని ఒప్పందంలో ఉంది. దావా పడితే ఆమె తరఫున నిలబడలేమని విశ్వవిద్యాలయమే చెప్పింది. ఆ పేపర్ 1997లో గానీ వెలుగు చూడలేదు.

మీ ఒప్పందంలో అలాంటి వాక్యమే ఉంటే ఒంటరిగా ఢీకొనకండి. అప్పుడది మీ గొడవ కాదు, విశ్వవిద్యాలయం గొడవ. వైద్య పరిశోధనకు ప్రపంచమంతా ప్రమాణంగా తీసుకునే హెల్సింకీ ప్రకటన, అనుకూలమైన ఫలితాలతో పాటు ప్రతికూలమైనవీ, ఎటూ తేలనివీ బయటపెట్టాలంటుంది. పరిశోధకుడు తన డేటాను తాను చూసి, విశ్లేషించి, ప్రచురించడానికి అడ్డుపడే ఒప్పందాలు చేసుకోవద్దని వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం కూడా రాసిపెట్టింది. ఈ రెండింటినీ పరిశోధన విభాగం ముందు పెట్టండి. థీసిస్‌కు విడిగా మినహాయింపు ఉందేమో కూడా కనుక్కోండి. విద్యార్థి థీసిస్‌ను ఏ కంపెనీ ఆపకూడదన్న నియమం ఉంటే, పేపర్ నిలిచిపోయినా మీ అధ్యాయం నిలిచిపోదు.

గైడ్‌తో మాట్లాడేటప్పుడు ఆయన్ను బోనులో నిలబెట్టకండి. నలుగురి జీతాల బరువు మీకంటే ఆయనకే ఎక్కువ. ‘సార్, పేపర్ వెళ్లాక ఎవరైనా ఈ 31 స్కాన్ల గురించి అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు, రెండు లెక్కలూ పెడదామా’ అని సాయం అడిగినట్టే అడగండి. మాట్లాడిన రోజే, ఏం అనుకున్నారో నాలుగు వాక్యాల్లో ఆయనకే మెయిల్ చేయండి. ఇది అపనమ్మకంతో చేసే పని కాదు. ఆరు నెలల తర్వాత ఇద్దరి జ్ఞాపకాలూ వేరుగా ఉంటాయి. ఆయన నొచ్చుకోవచ్చు, రేపు మీకు సిఫార్సు ఉత్తరం రాయడంలో చల్లబడవచ్చు కూడా. ఆ నష్టం నిజమైనదే. అందుకే మీ డాక్టోరల్ కమిటీలో ఇంకో సభ్యుడికి ఈ లెక్కలు ఇప్పుడే, వివాదం కాకముందే, మామూలు ప్రగతి నివేదికలా చూపించండి.

ఇక స్కాన్ల సంగతి. సర్దుబాటుకు చోటు లేదని నేను అన్నది దీని గురించే.

‘ఆ రోజు అది నిజమే’ అని రాశారు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. సమ్మతి పత్రం రాసేదే ఆ తర్వాతి రోజుల కోసం కదా. సంతకం పెట్టిన రోజున ఆయన స్కాన్ ఎక్కడికీ వెళ్లదని ఆయనకూ తెలుసు. ఆయన అడిగింది నిధులు మారాక, మనుషులు మారాక ఏమవుతుందని. అప్పటి జాగ్రత్త కోసమే కళ్లద్దాలు తీసి మరీ అడిగారు.

పేర్లు తీసేస్తే చాలన్న వాదన నిలవదు. తల ఎమ్మారైలో మెదడుతో పాటు ముఖం కూడా ఉంటుంది. ముక్కు, నుదురు, గడ్డం, కళ్ల గుంటలు. 2019లో ఒక వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో 84 మంది వలంటీర్ల స్కాన్ల నుంచి ముఖాలు పునర్నిర్మించి, ముఖాలు గుర్తుపట్టే మామూలు సాఫ్ట్‌వేర్‌కి వాళ్ల ఫొటోలతో కలిపి ఇచ్చారు. 70 మంది విషయంలో అది సరైన స్కాన్‌నే మొదటి జోడీగా చూపించింది. ముఖం భాగాన్ని చెరిపేసే పద్ధతులున్నాయి, స్కాన్లు పంచుకునేవాళ్లు వాడతారు. మీవాళ్లు దాని ఊసెత్తారో లేదో చూడండి. నిజానికి ముఖం చెరిపేసినా మొదటి ప్రశ్న అలాగే ఉంటుంది. ఆయన ‘నన్ను గుర్తుపడతారా’ అని అడగలేదు. ‘కంపెనీకి వెళ్తాయా’ అని అడిగారు.

ఇంకొకటి. ఎప్పుడు కావాలంటే అప్పుడు అధ్యయనం నుంచి తప్పుకోవచ్చని ఆ పత్రంలో ఒక వాక్యం ఉండే ఉంటుంది. స్కాన్ మీ సర్వర్‌లో ఉన్నంత కాలం ఆ వాక్యానికి విలువ ఉంటుంది. ఒకసారి ప్రోగ్రాం శిక్షణలో కలిసిపోయాక ఒక్క మనిషి స్కాన్‌ను విడిగా బయటికి తీయడం దాదాపు కుదరని పని. పాలలో కలిసిన నీళ్లను తీయమన్నట్టే. పంపడమంటే ఆ హక్కును కూడా తీసేయడమే.

కాబట్టి పంపాలా వద్దా అన్నది మీరు గానీ, గైడ్ గానీ, కంపెనీ గానీ తేల్చేది కాదు. పరిశోధనలో పాల్గొనేవాళ్ల హక్కులు చూసే ఎథిక్స్ కమిటీ తేల్చాలి. గైడే అడిగితే అన్నిటికంటే మంచిది, అధ్యయనానికి బాధ్యుడు ఆయనే కనుక. ఆయన అడగనంటే మీరు అడగొచ్చు. ఫిర్యాదు అక్కర్లేదు, ప్రశ్న చాలు: ‘ఫలానా ఏళ్లలో ఫలానా పత్రం మీద సేకరించిన స్కాన్లను ఒక కంపెనీ ప్రోగ్రాం శిక్షణకు ఇవ్వడం ఆ పత్రం పరిధిలోకి వస్తుందా? రాకపోతే ఏం చేయాలి?’ ఇంతకు మించి ఒక్క విశేషణం కూడా రాయకండి.

కమిటీ దగ్గర చాలా దారులుంటాయి. వలంటీర్లందరినీ మళ్లీ సంప్రదించి కొత్త సమ్మతి అడగమనవచ్చు. ఇందులో మీ అధ్యయనానికే ప్రత్యేకమైన బరువొకటి ఉంది. అప్పట్లో కొద్దిగా మతిమరుపు ఉన్నవాళ్లలో కొందరికి ఇప్పుడు డిమెన్షియా ముదిరి ఉంటుంది. ఇప్పుడు అడిగితే వాళ్లకు అర్థం కాకపోవచ్చు. తెలివి నిలకడగా ఉన్న రోజున వాళ్లు చెప్పిన మాట ‘విశ్వవిద్యాలయానికి మాత్రమే’. ఆ మాటను వాళ్ల తరఫున ఎవరైనా మార్చవచ్చా అన్నది తేలిక ప్రశ్న కాదు. అందుకే అది కమిటీ ముందుకు వెళ్లాలి, ల్యాబ్ మీటింగ్‌లో తేలిపోకూడదు. లేదా స్కాన్లు విశ్వవిద్యాలయం కంప్యూటర్లలోనే ఉంచి, కంపెనీ తన ప్రోగ్రాంనే ఇక్కడికి పంపి నడిపేలా చేయమనవచ్చు. దీనికీ సమ్మతి ప్రశ్న పూర్తిగా పోదు గానీ, స్కాన్ గడప దాటదు. లేదా పాతవి వదిలేసి, కంపెనీ సంగతి స్పష్టంగా రాసిన కొత్త పత్రంతో కొత్త వలంటీర్లను చేర్చుకోమనవచ్చు. ఖర్చు, ఆలస్యం ఎక్కువ. కానీ ‘కంపెనీ కూడా వాడుతుంది’ అని ముందే నిజాయితీగా చెబితే ఒప్పుకునేవాళ్లు లేకపోరు.

నలుగురి జీతాల గురించి. ఈ ప్రశ్న అడిగితే కంపెనీ వెళ్లిపోతుందని మీ భయం. వెళ్లిపోవచ్చు, పోదని నేను మాట ఇవ్వలేను. కానీ వాళ్ల వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. వైద్యంలో వాడే ప్రోగ్రాంకి అనుమతి అడిగినప్పుడు శిక్షణకు వాడిన స్కాన్లు ఎక్కడివి, ఏ సమ్మతితో వచ్చాయి అన్న ప్రశ్న వాళ్లకు ఎదురుకావచ్చు. సరైన సమ్మతి లేని స్కాన్ల మీద కట్టిన ప్రోగ్రాం వాళ్ల నెత్తిమీద వేలాడే కత్తి. ఈ సంగతి ఇప్పుడే తెలియడం వాళ్లకూ అవసరం. గైడ్‌కి ఈ కోణం చెప్పండి. తన ల్యాబ్‌ను కాపాడుకోవడానికి ఆయనకూ ఒక మాట దొరుకుతుంది.

ఉద్యోగం సంగతికి ఎక్కువ చెప్పక్కర్లేదు. వాళ్ల ప్రోగ్రాం పనిచేస్తుందో లేదో తేల్చే పేపర్ మీ చేతిలో ఉండగా వాళ్ల ఉద్యోగం కూడా మీ చేతిలో ఉండకూడదు. ‘పేపర్, థీసిస్ అయ్యేదాకా ఈ విషయం మాట్లాడలేను’ అని వాళ్లకు రాయండి, వచ్చిన సంగతి గైడ్‌కి చెప్పండి. రచయితలకు కంపెనీలతో ఉన్న సంబంధాలు చెబుతూ పేపర్‌తో పాటు ఇచ్చే ప్రయోజనాల ప్రకటనలో దీన్నీ రాయండి. తర్వాత చేరాలనిపిస్తే చేరండి, అందులో తప్పు లేదు. ఏ స్కాన్ మీద ప్రోగ్రాం తడబడుతుందో తెలిసిన మనిషి లోపల ఉండటం వాళ్లకే మంచిది. ఇది దాచిపెడితే మాత్రం, పై రెండు విషయాల్లో మీరు ఎంత నిజం మాట్లాడినా రేపు ఎవరైనా దీన్నే వేలెత్తి చూపిస్తారు.

కొన్ని పనులు మాత్రం ఆవేశంలో కూడా చేయకండి. స్కాన్లను ఇంటి కంప్యూటర్‌లోకి ఎక్కించుకోకండి, సాక్ష్యం కోసమైనా సరే. అప్పుడు మాట తప్పింది మీరవుతారు. పేపర్‌ను అనుమతి లేకుండా నెట్‌లో పెట్టకండి. ఏ తేదీన ఏ లెక్క చేశారు, ఏ స్కాన్లు ఎవరు చెబితే తీశారు అన్నది వలంటీర్ల వివరాలు లేకుండా తేదీలతో రాసిపెట్టుకోండి. మీ కోడ్ పాత రూపాలేవీ చెరిపేయకండి.

వచ్చే వారం చేయాల్సింది ఒక్కటే, ఒప్పందం సంపాదించి చదవడం. కమిటీకి వెళ్లే ప్రశ్న మాత్రం స్కాన్లు పంపే తేదీ కంటే ముందు వెళ్లాలి. దానికి మాత్రం ఆగకండి.

చివరగా మీరు అడిగింది, ఆ పెద్దాయనకు ఫోన్ చేయాలా అని. ఇప్పుడు వద్దు. స్కాన్ ఇంకా వెళ్లలేదు, ఆయనకిచ్చిన మాట ఇంకా చెడలేదు. ఇప్పుడు చేస్తే మీ మనసులోని బరువు ఆయన మీద పెట్టినట్టవుతుంది, ఆయన చేయగలిగిందీ ఏమీ ఉండదు. కమిటీ వలంటీర్లను మళ్లీ అడగాలని నిర్ణయిస్తే, ఆ జాబితాలో ఆయనకు చేసే ఫోన్ మీకే ఇవ్వమని గైడ్‌ని అడగండి. ఆయన ఇంకా మిమ్మల్ని గుర్తుపట్టే స్థితిలో ఉంటే మీ పేరు చెప్పండి, ఆ రోజు ఆయన అడిగిన ప్రశ్న గుర్తుచేయండి. ఇప్పుడు కంపెనీ అడుగుతోందని చెప్పండి. ఆయన వద్దంటే వద్దని రాసుకోండి.